అర్జీ రాకముందే

కర్నూలు కలెక్టరాఫీసు గేటు కాడ
జెరాక్సు షాపు మెట్ల మీద
రేకుపెట్టె ముందరేసుకొని
ముప్పై ఏళ్లు అర్జీలు రాసినాడు
మా చిన్నాయన దస్తగిరి.

ఆయన దగ్గర రెండు కట్టలుండేవి.
ఒకటి అచ్చు ఫారాలు:
పింఛనుకు, రేషను కార్డుకు, కరెంటు మీటరుకు.
వచ్చేవాళ్ల మొహం చూడకముందే
ప్రెస్సులో తయారైన మాటలు.
రెండోది తెల్లకాగితాలు.
వాటిని తీసినాడంటే
కలం మూత తీయకుండా ముందు అడిగేవాడు:
"ఎవురు నువ్వు? యాడ్నుంచి వచ్చినావు? ఏం పోయింది?"

ఆ షాపు పైన, రెండో అంతస్తులో
నేనిప్పుడు అర్జీల వెబ్‌సైటు చేస్తున్నా.
పోయిన సోమారం
దేవనకొండ నుంచి సుంకులమ్మ వచ్చింది.
చేతిలో రసీదు, రసీదు మీద పసుపు మరక.
"నెంబరు కొడ్తే పేరు కాడ ఖాళీగా వస్తాదప్పా.
నా పక్కనామెకూ అంతే.
మేమిద్దరమూ లేనట్టేనా?"

లాగ్‌లన్నీ వెతికినా.
సర్వరుది తప్పు కాదు.
ఆ పేజీని, బిరీన తెరుచుకుంటాదని,
రాత్రి ఒంటిగంటకు బిల్డులో
నేనే ముందుగా వండిపెట్టినా.
అందులో ఒక లైను అడుగుతాది:
అర్జీ నెంబరెంత?
ఎవరిని?
ఒంటిగంటకు గేటుకు తాళం.
బురుజు కాడ కుక్కలు తప్ప మనిషి లేడు.
అడ్రసులో ప్రశ్న గుర్తు లేదు, దాని వెనక నెంబరు లేదు,
కుకీ లేదు, ఏ ఫోనో ఏ భాషో చెప్పే హెడరూ లేదు.
జవాబు రాలేదు.
ఆ రాకపోవడాన్నే జవాబని అచ్చేసి
జిల్లా మొత్తానికీ పంచినా.

చిన్నాయనకు చెప్తే నవ్వలేదు.
"ఫారంలో పేరు కాడ చుక్కలెందుకు పెడ్తారు?
వచ్చినోళ్లు నింపుకోను.
నువ్వు ఆ ఖాళీని గూడా సిరాతో పూడ్చినావు."

ఒక్క లైను మార్చినా:
ఈ దారికి ముందు వంట వద్దు.
ఆఫీసు వేళలు, ఏ గదిలో ఏ గుమాస్తా,
బస్సు యాడ దిగాల,
ఇవన్నీ అట్లే ఉంచినా.
ఆలూరు దిక్కు సిగ్నలు ఒకటే గీత.
అడిగేదేమీ లేనప్పుడు
రాత్రి సద్దే మేలు వాళ్లకు.

ఇప్పుడా పేజీ కొంచెం నిదానం.
నెంబరు కొట్టినంక
ఒక రెప్పపాటు తెల్లగా నిలబడతాది,
మూత తీయని కలం మాదిరి.

సుంకులమ్మ పేరు వచ్చింది.
దాని కింద: పెండింగు.
ఫోను దూరంగా పట్టుకొని
నాతో రెండుసార్లు చదివించుకుంది.
"పనైతే కాలేదు గానీ," అనింది,
రసీదు మడిచి రైకలో పెట్టుకుంటా,
"నన్ను నన్నని అడిగినాది."