ఖాళీ కుర్చీ పద్దు

మాలకొండయ్య గారు పోయి పదకొండో రోజు.
చీమకుర్తి క్వారీలో వైరు రంపం ఆగలేదు.
రాయికి మైల లేదు.

"ఎవరికయ్యా ఇదంతా?" అని ఆస్పత్రిలో అడిగితే
ఆక్సిజన్ గొట్టం పక్కకి నెట్టి
"బల..." అన్నాడట.
నా పేరే, అన్నాడు బలరామయ్య.
బలమున్నోడికి అని, అన్నాడు ఒంటికన్ను మస్తాను.
(ఆ రెండో కన్ను తొంభై ఆరులో రాతి పెళ్లకి పోయింది.)
నర్సు మాత్రం
బల్ల దించమన్నాడండీ, నడుం నొప్పికి, అంది.

ఒంగోలు నుంచి శవంతో బయల్దేరిన అంబులెన్సు
చీమకుర్తిలో ఆగలేదు.
దండలు పట్టుకుని మేం రోడ్డు మీద నిలబడే ఉన్నాం,
అది పొదిలి దాటింది.
బలరామయ్య వాళ్ల ఊళ్లో చితి అప్పటికే పేర్చి ఉంది.
కొరివి ఎవరు పెడితే క్వారీ వాళ్లదని
ఏ చట్టంలో ఉందో నాకు తెలీదు.

నా కూతురు ప్రసూన గ్రూప్స్‌కి చదువుతోంది.
కరెంటు పోతే ఫోను వెలుతుర్లో పైకి చదువుతుంది.
"అలెగ్జాండరు శవాన్ని బండితో సహా
టోలెమీ ఈజిప్టుకి దారి మళ్లించాడు..."
ముద్ద నోటి దగ్గర ఆగింది.
ఏ ఊరమ్మా అది?
"బాబిలోన్ నాన్నా. రెండు వేల మూడొందల ఏళ్లవుతోంది."

రోజూ కాస్త చదవమన్నాను.
అందులో ఒక గుమాస్తా ఉన్నాడు, యూమెనీస్ అని.
వాళ్లవాడు కాదు, పై ఊరివాడు.
మేం బల్లెం పట్టి రాజు వెంట నడిచాం,
వీడు పలకా కలం మోశాడు
అని సేనానులు నవ్వేవాళ్లట.
నేనూ ఉదయగిరి కొండ కింది నుంచి వచ్చినవాణ్ణే.
ముప్పై ఏళ్లుగా ఇక్కడ ఘనపుటడుగులు రాస్తున్నాను.

తన మాట ఎవడూ వినడని తెలిసి
అతను ఒక డేరా వేసి
చచ్చిపోయిన రాజు సింహాసనం అందులో పెట్టాడు.
కలలో కనబడ్డాడు, ఆయన ముందే మాట్లాడుకుందాం అన్నాడు.

తెల్లారి నేను కాటా గదిలో
పెద్దాయన నవారు కుర్చీ వేశాను.
దాని మీద తువ్వాలు, పొడుం డబ్బీ.
నమ్ముతారా, చెప్పులు బయట విడిచి వచ్చారు ఇద్దరూ!
ఏడు వారాలు
కుర్చీ వైపు చూసి మాట్లాడారు,
నేను రాసిన కాయితం మీద సంతకాలు పెట్టారు.
కృష్ణపట్నానికి లారీలు కదిలాయి.
మా నల్లరాయి ఎక్కువగా సమాధుల మీదికే పోతుంది.
అద్దంలా చేసి పంపుతాం. చెక్కే పేరు మాకు చెప్పరు.

ఎనిమిదో వారం మస్తాను
రెండు గుంతలు సేలం షావుకారికి వదిలేసి
ఐదు పొక్లెయిన్లు దించాడు.
పొద్దున్నే వరసగా తొండాలెత్తి నిలబడ్డాయి.
"సెల్యూకస్ కూడా అంతే నాన్నా,
సింధు దిక్కు నేల చంద్రగుప్తుడికిచ్చి
ఐదొందల ఏనుగులు తెచ్చుకున్నాడు. బిట్టు ప్రశ్న ఇది."

ఆ గుమాస్తా ఏమయ్యాడమ్మా?
ప్రసూన పేజీ తిప్పేసింది.
"సిలబస్‌లో లేదు."

అది నిద్రపోయాక కళ్లజోడు పెట్టుకుని నేనే చదివాను.
అతని దగ్గర వెండి డాళ్ల ముసలి సైనికులు,
అరవై, డెబ్బై ఏళ్లవాళ్లు, ఓటమి తెలీనివాళ్లు.
ఉప్పునేల మీద దుమ్ము లేచిన వేళ
శత్రువు వాళ్ల సామాను దోచాడు:
పెళ్లాం బిడ్డలు, నలభై ఏళ్ల కూడబెట్టు.
అది తిరిగివ్వాలంటే
మీ గుమాస్తాని ఇవ్వండి, అన్నాడు.

ఆ శత్రువుకీ ఒకటే కన్ను.

శుక్రవారం మా సుత్తివాళ్లు వచ్చారు,
ఊపిరితిత్తుల నిండా రాతిపొడి ఉన్నవాళ్లు.
మూడు నెలల కూలీ, పీఎఫ్ పుస్తకాలు, రేషన్ కార్డులు
అన్నీ మస్తాను పెట్టెలో ఉన్నాయి.
ముందు నిలబడ్డ దావీదు తాత
నా మొహం చూడకుండా
"ఏమనుకోబాక గుమస్తయ్యా" అన్నాడు.

ఏమనుకోలా.
తాళాలు ఇచ్చాను. పద్దు పుస్తకం ఇచ్చాను.
ఆ రోజు హాజరు కూడా వేసే ఇచ్చాను, నాది తప్ప.

కుర్చీ ఎవరూ అడగలేదు.
పోతూ పోతూ దావీదు తాత
దాని మీద దుమ్ము తువ్వాలుతో దులిపాడు, పాత అలవాటు.
కింద గుంతలో సైరన్ మోగింది,
అందరం చెవులు మూసుకున్నాం.