ఏడు వోల్టుల గాలి

రాత్రి డ్యూటీ దిగి ఆరున్నర ఆటోకి వస్తుంది గౌరీశ్వరి.
చద్దన్నం తిని, కాళ్ళు కడుక్కుని,
కళ్ళ మీద మోచెయ్యి అడ్డం వేసుకుని పడుకుంటుంది.
అప్పుడే నా పొద్దు మొదలు.

ఇల్లంటే ఒక్క గదే. నెల్లిమర్ల, రైలు గేటుకి ఇవతల.
ఆమె తలగడకి మూడడుగుల్లో నా బల్ల,
బల్ల కింద పాత కంప్యూటరు.
బటన్ నొక్కితే పిండిమర.
ఒక్క పెళ్ళికార్డు కూర్చేలోపు
మగపెళ్ళివారంతా మా గదిలోంచి
నడిచిపోయినంత చప్పుడు.

ఆమె ఏమీ అనేది కాదు.
మిల్లు మగ్గాల నడుమ పదకొండేళ్ళు నిలబడ్డ చెవులు.
ఒకసారి మాత్రం, కళ్ళు తెరవకుండానే
"అక్కడా అదే, ఇక్కడా అదేనేటి?" అంది.
అంతే, అటు తిరిగి పడుకుంది.
ఆ మాట మాత్రం పడుకోలేదు.

చీటీ పాడితే చేతికొచ్చింది ఏడువేల రెండొందలు.
విజయనగరంలో, గంటస్తంభం వెనక సందులో,
ఛాతీ డాక్టరు బోర్డు పక్కనుంచి మెట్లెక్కితే
ఢిల్లీశ్వర్రావు సెకండ్‌హ్యాండ్ కొట్టు.
ఎత్తేసిన నెట్ సెంటర్ల డబ్బాలు
గోడవారగా, డిపోలో దింపిన బియ్యం బస్తాల్లా.
"చప్పుడు చెయ్యనిది కావాలి" అన్నాను.
స్పీడు అడిగినవాళ్ళున్నారు, రంగు దీపాలు అడిగినవాళ్ళున్నారు,
ఇలా అడిగినవాణ్ణి చూళ్ళేదట.
టీ చెప్పాడు.

చిన్న ఫ్యాను పరుగెత్తాలి బావూ, పెద్దది నడిస్తే చాలు.
అదీ అతని శాస్త్రం.
అరచెయ్యంత ఫ్యాను ఒకటి వెతికి
పన్నెండు వోల్టుల తీగ తప్పించి
ఏడుకి కలిపాడు.
"ఇప్పుడు ఆకలిగా కాదు, తిన్నోడిలా తిరుగుతాది."

ప్రాసెసరు పాతదే, వేడెక్కని రకం.
నా అచ్చుపనికి అదే ఎక్కువ.
చక్రం తిరగని డిస్కు మాత్రం కొత్తది కొన్నాను,
డబ్బంతా అక్కడే పోయింది.
మరల కింద సైకిలు ట్యూబు ముక్కలు,
పెట్టె కింద నాలుగు మడతల గోనె.

పాతదాన్ని విప్పింది ఆదివారం,
ర్యామ్ తీసుకుందామని.
అల్యూమినియం రేకుల మధ్య
లేత బంగారు రంగు నూగు
పిచ్చుక గూడు పెట్టినంత దట్టంగా.
వేలితో లాగితే పోగులుగా వచ్చింది.
వాసన చూశాను.
గోగునార.

ఆమె జడలో, రవికె కుట్లలో,
టిఫిన్ క్యారేజీ మూత అంచుల్లో
రోజూ కొంచెం కొంచెం
మిల్లు మా ఇంటికొచ్చి పడుతోంది.
గాలాడకే అరిచింది అది ఇన్నాళ్ళూ,
నేను ఫ్యానుని తిట్టుకున్నాను.
తీసిన ఉండ నిమ్మకాయంత.
నాలుగు మరలు విప్పితే బయటపడింది.
మనుషులకి మరలుండవు.

సోమవారం బటన్ నొక్కాను.
వెలిగిందో లేదో నీలం చుక్క చూసి తెలుసుకోవాలి.
గోడ గడియారం ఇంత గట్టిగా నడుస్తుందని తెలీదు.
పక్కింటి బిందె, గేటు దగ్గర పలాస పాసింజరు,
అది దాటిపోయాక
ఆమె ఊపిరి.
ఆ ఊపిరి కొసన సన్నటి ఈల,
ఊదడం రాని పిల్లాడు పిప్పిళ్ళకాయ మీద ప్రయత్నించినట్టు.
ఎన్నాళ్ళ నుంచి ఉందో.

ఉలిక్కిపడి లేచింది.
"కరెంటు పోనాదేటి?"
లేదు, నడుస్తోంది.
నమ్మలేదు. మంచం మీంచే చెయ్యి చాపి
పెట్టె మీద వేసింది,
పిల్లల నుదురు చూసినట్టు.
"ఎచ్చగానే ఉందిలే"
అని, చెయ్యి తీయకుండానే నిద్రపోయింది.

ముహూర్తం టైపు చేస్తున్నాను, మెల్లిగా,
ఒక్కో అక్షరం వేలితో అద్దినట్టు.
ఈల వస్తోంది, ఆగుతోంది, వస్తోంది.
ఏడువేల రెండొందల్లో మిగిలింది నూటపది.
ఆ మెట్ల పక్క బోర్డు మీద
ఫీజు రాసుందో లేదో
ఎంత తలుచుకున్నా గుర్తుకి రావడం లేదు.