రుద్రజడ

కత్తిరి మొదలై నాలుగో రోజు.
పెరంబూరులో మా మేడ మీది ట్యాంకు
దానంతటదే వేణ్నీళ్లు కాచి పంపుతోంది.
మనోరంజితం కుడిచెయ్యి పిండికట్టులో ఉంది,
ఎడమచెయ్యి నాకు పనులు పురమాయిస్తోంది.
ఈ ఆదివారం క్యారమ్స్ ముఠాకి మా ఇంటి వంతు.
పదకొండు మంది.
వడలు లేవంటే వరదరాజులు మొహం
ఎలా పెడతాడో నాకు తెలుసు.

"మీరు పొయ్యి దగ్గరికి పోవద్దు" అంది.
పోయిన వారం ఉప్మాని ఆమె మర్చిపోలేదు,
బాణలి కూడా మర్చిపోలేదు.

కింది వాటా స్టెల్లా, హోటల్ చదువు చదివే పిల్ల,
కాగితం మీద బొమ్మ గీసిచ్చింది:
ఒక పుల్ల, దానికి ఒక బుల్లి టమాటా, ఒక ఆకు,
గోలీ అంత తెల్లటి ముద్ద, ఒక ఆలివ్ కాయ.
"ఇటలీ వాళ్లు ఇవే కలిపి తింటారు అంకుల్. నిప్పే అక్కర్లేదు."

ఆ మాట మా వంటింట్లో
కాసేపు అలాగే నిలబడిపోయింది.
మాలో పొయ్యి వెలగని రోజంటే
పక్కింటివాళ్లు క్యారేజీ తెచ్చే రోజు,
ఎవరూ గట్టిగా మాట్లాడని రోజు.
చివరికి మనోరంజితమే అంది:
"పైన ఒకడు వండుతూనే ఉన్నాడుగా, కానీండి."

మొజరెల్లా, ఆ పేరు నోట పట్టడానికి
నాకు రెండు బస్ స్టాపులు పట్టింది.
టమాటాలు దొరికాయి.
సీసాలో ఉప్పుదేలిన నేరేడు పిందెల్లా ఆలివ్‌లూ దొరికాయి.
ఆకు మాత్రం లేదు.
చల్లటి అరలో ధర చీటీ ఒక్కటే ఉంది, తొంభై రూపాయలని.

ఇంటికొస్తుంటే స్టేషన్ మెట్ల పక్క
ధనభాగ్యం మాల కడుతోంది.
కనకాంబరం, మరువం, మధ్యమధ్య ఏదో పచ్చాకు.
వాసన నా చొక్కా పట్టుకుని ఆపింది.
"తిరునీట్రుపచ్చ, సామీ" అంది.
మా అమ్మ దాన్ని రుద్రజడ అనేది,
వేసవిలో దాని గింజలు, అవే సబ్జా, నానేసి ఇచ్చేది.
కట్ట పది రూపాయలు.
స్టెల్లా ఆకు నలిపి వాసన చూసి
"అంకుల్, ఇదీ ఆ కుటుంబమే!" అని అరిచింది.
"రుద్రజడ" అన్నాను గొప్పగా.
"మీరు రోజూ నాకు వేస్తున్నదేగా" అంది మనోరంజితం.

ముప్పై మూడేళ్లు యార్డులో
పెట్టెకి పెట్టె తగిలించినవాణ్ణి నేను.
అయినా మొదటి టమాటా నా కళ్లజోడు మీదే పేలింది.
ముద్ద జారింది. ఆలివ్ మంచం కిందికి పారిపోయింది.
"ఆకుని మడవండి. కుచ్చిళ్లు పెడతారే, అలా."
పది రోజులుగా ఆమె చీరకి కుచ్చిళ్లు పెడుతున్న వేళ్లు,
వాటికి అర్థమైంది.
ఆ తర్వాత ఇక ఆగలేదు,
యాభై రెండు బండ్లు, ఎర్ర ఇంజన్లతో,
పళ్లెంలో బారులు తీరాయి.
పైన మిరియాల పొడి, కాస్త నూనె.

వరదరాజులు పుల్ల తీసుకుని
పుల్లవిరుపుగానే అన్నాడు,
"ఏమయ్యా, గ్యాస్ అయిపోయిందా?"
నమిలాడు. ఆగాడు.
"పెరుమాళ్ల మాల కొరికినట్టుంది" అన్నాడు.
అది మెచ్చుకోలో తిట్టో నాకు తెలీదు.
ఏడో పుల్ల మాత్రం నేను చూశాను.

ఎడమచేత్తో అన్నం తిననని
పది రోజులుగా మొండికేసిన మనిషి,
నేను స్పూనుతో పెడుతుంటే కిటికీ వైపు చూసే మనిషి,
ఎవరూ గమనించని ఒక నిమిషంలో
ఎడమచేత్తో ఒక పుల్ల తీసింది.
"పుల్లతో తింటే ఎంగిలి చెయ్యి కాదు" అని
తనకి తానే తీర్పు చెప్పుకుంది.
తర్వాత ఇంకొకటి.
తిన్న పుల్లలు పిండికట్టు మీద వరసగా పేర్చింది, ఐదు.

అప్పుడు "స్ట్రైకర్ ఇటివ్వండి" అంది.
ఎడమ చూపుడువేలితో రెడ్‌కి గురిచూసి కొట్టింది.
రెడ్ పడలేదు.
పక్కనున్న నల్లకాయ పడింది.
అది మాదో కాదో అని
పది నిమిషాలు గొడవ.