ఏడు కోతలు

పుస్తకంలో పాఠం పేరు "వలలు".
పైకి చదివానో లేదో క్లాసంతా ఘొల్లుమంది.
"వలల సంగతి మీరు మాకు చెప్తారా మేడమ్!"
అన్నాడు సెనాను.
వాడి అరచేతుల్లో ఇంకా ఎర్రగా తాడు చార,
తెల్లారగట్ల అలివి వల లాగి వచ్చాడు.
నిజమే. నేను హో కొండల పిల్లని.
కేటాకొచ్చి రెండేళ్ళయినా
ఒక పక్క సముద్రం, ఒక పక్క ఉప్పుకయ్య,
మధ్యన ఈ నాడాలాంటి నేల మీద
రాత్రుళ్ళు నాకింకా నిద్ర సరిగా పట్టదు.

"ఈ వల చేపలకి కాదర్రా, పెట్టెలకి" అన్నాను.
పెట్టెని నేల మీద పరిస్తే ఏం మిగులుతుందో అది.

తెచ్చారు.
చక్కెర బిళ్ళల పెట్టె, అగ్గిపెట్టెలు,
సబ్బు అట్ట, మూత పోయిన మైలో డబ్బా.
నలభై ఒక్కమందికి ఒకటే కత్తెర,
చేపలు కోసే కత్తులు మూడు.

యైరా పెట్టెని చేపని చీల్చినట్టే చీల్చింది.
పొట్ట వైపు నుంచి, వెన్ను తెగకుండా,
రెండు చేతులతో తెరిచి బల్ల మీద బోర్లించింది.
వాళ్ళమ్మ పొగబెట్టే ముందు చేసేది అదే.
నేను చెప్పాల్సిన పాఠం సగం అక్కడే అయిపోయింది.

సెనాను మాత్రం కనిపించిన అంచునల్లా కోశాడు.
ఆరు ముక్కలు,
ఒకదానికొకటి ఏమీ కానట్టు.

"లెక్కపెట్టండి, పన్నెండు అంచులు.
ఏడు కొయ్యాలి, ఐదు ఉంచాలి.
ఆరు కోస్తే విచ్చుకోదు.
ఎనిమిది కోస్తే ఊడిపోతుంది."
సెనాను ఏం మాట్లాడలేదు.
జేబులోంచి వల కుట్టే నైలాన్ దారం తీసి
వెనక బెంచీలో కూర్చుని
ఐదు చోట్ల ముడులు వేసుకుంటూ పోయాడు.

మైలో డబ్బా కాగితం విప్పితే చాప.
అంత గుండ్రని డబ్బా చుట్టుకున్నది
ఇంత తిన్నని చాపనా అని
ఇద్దరు దాన్ని మళ్ళీ చుట్టి, మళ్ళీ విప్పి చూశారు.

"మరి బంతికి?"
అడిగింది ఎవరో తెలీదు, కిటికీ వైపు గొంతు.
నా మధ్యాహ్నం నారింజని వొలిచాను.
తొక్కని అరచేత్తో అదిమితే
అంచులన్నీ పిట్లిపోయాయి.
"బంతికి వల లేదు."
"అయితే గోడ మీది ఆ ప్రపంచ పటం?"
అటు తిరిగి చాలాసేపు చూశాను.
"అది కూడా చిరగాల్సిందే.
చిరుగు కనబడకుండా ఎక్కడో లాగి సాగదీశారు."
పిల్లలు పటాన్ని కాస్త అనుమానంగా చూశారు.

ఎలికెమ్ పెట్టె తేలేదు.
నోటుబుక్కులో గీశాడు, ఐదే గళ్ళు.
"ఆరోది ఏదిరా?" ఎర్ర పెన్ను మూత తీశాను.
"ఇది మా ఇల్లు మేడమ్."

ఇది నేల. ఇది రేకుల కప్పు.
ఈ మూడూ గోడలు.
సముద్రం వైపుది మొన్న జూన్‌లో పడిపోయింది,
ముక్కలవలేదు, కిటికీతో సహా
వెల్లకిలా ఇసకలో పడుకుంది.

"నిలబడి ఉన్నప్పుడు తెలీలేదు మేడమ్,
పడుకున్నాకే తెలిసింది అదెంత పెద్దదో.
మూడు రోజులు దాని మీద నెత్తళ్ళు ఎండబెట్టాం."
"తర్వాత?"
"తర్వాత సముద్రం తీసుకుపోయింది."

అన్నట్టు ఆ నెత్తళ్ళని ఈ దేశపు సంతల్లో
"కేటా బడిపిల్లలు" అని పిలిచి అమ్ముతారు.
ఎందుకో నాకెవరూ సరిగా చెప్పలేదు.
ఆ రోజు నేనూ అడగలేదు.

గంట కొట్టారు. అట్టముక్కలు ఊడ్చారు.
సెనాను పెట్టె బల్ల మీద వదిలి వెళ్ళాడు,
నీలం ముడులతో, కాస్త వంకరగా, మూసుకుని.

ఎలికెమ్ పుస్తకంలో
మడత గీతలు చుక్కలుగా గీయలేదని
ఒక మార్కు తగ్గించాను. రూలు రూలే.
ఇంటిదాకా ఆ ఒక్క మార్కునీ
ఎక్కడ పెట్టాలో తెలీక
పట్టుకుని నడిచాను.