గాలి తాకితే

జూలై. ముసురు మూడు రోజులుగా
ల్యాబు కిటికీకి వీపు ఆనించి కూర్చుంది.
తేమ మీటరులో ఎనభై ఎనిమిది.
గ్లవ్‌బాక్సు నల్లటి రబ్బరు చేతుల్లోకి
మోచేతుల దాకా దూరి
గాజుపలక మీద ఒక్క చుక్క వదిలాను.
నిమిషానికి రెండు వేల చుట్లు.
వెంట్రుక మందంలో వెయ్యో వంతు పొర.
ఊపిరి బిగబట్టాను,
నా ఊపిరికి అద్దం అవతల పనేమీ లేకపోయినా.

ఇదీ బొగ్గు వంశమే.
సింగరేణి గనుల్లో నల్లగా నిద్రపోయే కర్బనం
ఇక్కడ ఉంగరాలు ఉంగరాలుగా మేలుకుంటుంది.
సిలికాన్‌లో కరెంటు రైలుబండి,
కాజీపేటలో కూడా ఆగదు.
మా దాంట్లో అది బట్టీ కాడి ఇటుక:
ఒక చేతి నుంచి ఇంకో చేతికి,
ఆ చేతి నుంచి మరో చేతికి.
వరుసలో ఒక్క కూలి పక్కకు జరిగితే
ఇటుక అక్కడే ఉండిపోతుంది.

వంచితే వంగుతుంది, బట్ట మీద అచ్చేయొచ్చు, చవక.
ఇది నా థీసిస్‌లో మొదటి పేరా.
రెండో పేరా నాలుగేళ్లుగా రాస్తున్నాను.

ఆ వారమే నయీంనగర్ నాలా పొంగింది.
నైట్రోజన్ సిలిండర్ల బండి అవతలే ఆగింది.
సాయంత్రం కరెంటు పోయింది.
కరెంటు మీద పరిశోధన
కరెంటు లేక చీకట్లో కూర్చుంది.
ఆక్సిజన్ అంకె ఒకటి, ఏడు, నలభై,
తర్వాత నేను చూడలేదు.
పదకొండు రోజులు కాపాడుకున్న పొర ఆ రాత్రే పోయింది.
పోయిన పొర అచ్చం ఉన్నదానిలాగే ఉంటుంది.
అదే ఊదా, అదే మెరుపు.
గ్రాఫులో గీత మాత్రం
చాప మీద మనిషిలా వెల్లకిలా పడుకుంటుంది.

ల్యాబు అటెండరు సారంగపాణి టార్చి పట్టుకుని వచ్చాడు.
కొత్తవాడలో జంపఖానాల నూలుకు
ఇరవై రెండేళ్లు రంగులేసిన మనిషి.
సీసా మూత తీయకుండానే లోపలిదేమిటో చెప్పే ముక్కు.
"ఏమైంది మేడం?"
గాలి తాకింది అన్నాను.
"గాలి తాకితె ఖరాబైతదా?
మాకు గాలి తాకకుంటె రంగే రాదు.
తొట్టిల ఉన్నప్పుడు నూలు ఆకుపసరు లెక్క ఉంటది.
పిండి దండెం మీదేస్తం. జర ఆగాలె.
సూస్తుండంగనె నీలైతది.
అద్దకం జేసేది గాలే. మేం పిండుడే."

టార్చి వెలుగులో అతని మాట
చాలాసేపు ఆరకుండా ఉండిపోయింది.

తర్వాత చదివాను. నీలిమందు అణువు కూడా
అర్ధవాహకమేనని ఎవరో ముందే కనిపెట్టారు.
కనిపెట్టాలని నాకు తోచకపోవడమే
నేను కనిపెట్టింది.

తేలిగ్గా లొంగలేదు.
ఏ ద్రావకంలో వేసినా అడుగున కూర్చుని చూస్తుంది.
శూన్యంలో వేడిచేసి ఆవిరి పట్టాలి.
మొదటి ఎనిమిది పలకల్లో మూడే పలికాయి.
మిగతా అయిదు ఎందుకు మూగబోయాయో
ఇప్పటికీ తెలియదు.
పలికినవాటి వేగమూ అంతంతే:
సున్నా, బిందువు, సున్నా, సున్నా, నాలుగు.
సుదర్శనాచారి సారు కళ్లద్దాలు పైకి తోసి
"నత్తకు పోటీనా అమ్మా" అన్నారు.
అన్నారుగానీ, పలకను కిందపెట్టలేదు.

పలకను బల్ల మీద మూత లేకుండా వదిలేశాను.
పదకొండో రోజు. పంతొమ్మిదో రోజు.
గీత కొంచెం వంగింది, పడుకోలేదు.

సారంగపాణికి చూపించాను.
రెండు వేళ్ల మధ్య పట్టుకుని,
వెలుతురుకు తిప్పి, వాసన చూసి,
"గింతేనా? దీంతోని దస్తీ అంచు గూడ అద్దరాదు" అన్నాడు.
నిజమే. చిటికెడు నీలి, నాలుగేళ్లు.

ముప్పై మూడో రోజు మళ్లీ ముసురు.
తుప్పు పట్టిన కిటికీ గడియను
స్పానరుతో కొట్టి తెరిచాను.
తడి మట్టి, పక్క హాస్టలు పోపు,
ఎక్కడిదో డీజిలు పొగ లోపలికొచ్చాయి.
రిజిస్టరులో రాశాను: తేమ తొంభై ఒకటి.
పక్క గడి ఖాళీగా ఉంది.
సూదులు దించుతున్నాను.