మామూలు

మంగళవారం సాయంత్రాల క్లాసు.
ఫ్రెస్నోలో సెప్టెంబరు. కిటికీ తీస్తే
ఎండుతున్న ద్రాక్ష వాసన, హైవే దుమ్ము.
నేను అడిగింది చిన్నదే:
ఇంటినుంచి ఒక వస్తువు, పది నిమిషాల మాట.
జాతి అనేదాన్ని పుస్తకంలో కాదు,
మీ బీరువాలో వెతకండి అన్నాను.

మైచీ షాంగ్ ఏడు గుర్తింపు కార్డుల నకళ్లు తెచ్చింది.
తాత, నానమ్మ, ఐదుగురు పిల్లలు,
అందరూ జనవరి ఒకటినే పుట్టారు.
"శిబిరంలో గుమాస్తాకి తొందర.
మావాళ్లకి వానలు గుర్తు, తేదీలు కాదు.
ఏటా ఒకే కేకు, దానిమీద ఏడు పేర్లు పట్టవు."
నవ్వాం. ఆమె కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

నరినే తెచ్చిన రాగి కాఫీగిన్నె
చేతులు మారి మారి నా దగ్గరికొచ్చేసరికి
వెచ్చబడింది.

గారెట్ లిండ్‌గ్రెన్ వట్టి చేతుల్తో నిలబడ్డాడు.
"చెప్పడానికేం లేదు మేడమ్.
మాది మామూలు ఇల్లు, మామూలు మనుషులం."
రెండు నిమిషాలకే కూర్చున్నాడు.
నేను మందలించలేదు. మందలించాల్సిందేమో.

ఆ రాత్రి అతని మాటని
తెలుగులో అనుకుని చూశాను.
మామూలు.
అడక్కుండానే చేతికి ముట్టేది.
రసీదు లేకుండా
ఎవరో ఎక్కడో చెల్లించేది.

మూడు వారాలకి మళ్లీ లేచాడు, పిలవకుండానే.
చేతిలో తాతయ్య కొన్న ఇంటి దస్తావేజు,
నలభై ఒకటో సంవత్సరం, మడతల దగ్గర చిరుగు.
ఆరో షరతు చదివాడు:
ఈ స్థలంలో నీగ్రోలు, ఆసియా వాళ్లు, ఆర్మీనియన్లు
నివసించరాదు,
పనివాళ్లుగా తప్ప.

"అరే, మేమూ ఉన్నామా!" అంది నరినే.
ఎవరికీ నవ్వు రాలేదు, ఆమెకి తప్ప.

వెనక వరసలో లవెల్, నాకంటే పెద్దవాడు,
రాత్రి డ్యూటీ బూట్లతోనే క్లాసుకొస్తాడు,
మెల్లగా అడిగాడు:
"ఏ వీధి, బాబూ?"
గారెట్ చెప్పాడు.
"మా అమ్మ అక్కడ ఇస్త్రీ చేసేది.
మూలమీద ఇల్లు. పెరట్లో నిమ్మచెట్టుండేది."
"ఇంకా ఉంది," అన్నాడు గారెట్.

అంతే. టైమైపోయింది, కుర్చీలు కదిలాయి.

నా మార్కుల కాగితంలో ఒక గడి:
వినేవాళ్ల కళ్లలోకి చూసి మాట్లాడటం, ఐదు మార్కులు.
అతను కాగితం మీంచి తల ఎత్తనే లేదు
ఆ చెట్టు సంగతి వచ్చేదాకా.
ఐదు వేశాను. కొట్టేశాను.
మళ్లీ వేశాను.