భుజమే

మా మిల్లు జట్టు పేర్లడిగితే
ఆరో ఏడో చెప్పి ఆగిపోతాను.
బల్బుల ఫ్యాక్టరీ వాళ్ళవి మాత్రం
పదకొండూ, బెంచీ మీది ముగ్గురితో సహా
నిద్రలో లేపి అడిగినా వరస తప్పను.
మా ఆవిడ అంటుంది:
అప్పులోళ్ళ పేర్లు గుర్తుండేది
అప్పు పడినోడికే కదా.

ఆదివారం మధ్యాహ్నం, అశోక్‌నగర్ మైదానం,
పిర్రలు కాలే సిమెంటు మెట్లు,
చొక్కా జేబు నిండా వేయించిన చెనక్కాయలు.
పసుప్పచ్చ బనీన్లతో వాళ్ళు దిగగానే
'ఫ్యూజు పీకండ్రా' అని అరిచేవాళ్ళం.
గోల్‌కీపర్ దొరైకణ్ణు మావైపు తిరిగి
దండం పెట్టేవాడు, వెటకారం లేకుండా.

వంకర చిటికెనవేలు వాడిది.
మా వాళ్ళు కొట్టిన బంతిని
'గోల్' అనే మాట నా గొంతులోంచి
సగం బయటికొచ్చినాక పట్టుకునేవాడు.
మిగతా సగం ఇంకా లోపలే ఉంది,
చలికాలం దగ్గులో తగులుతుంటుంది.

బ్యాకు డెస్మండ్,
కాలు తీసినోడే చెయ్యిచ్చేవాడు.
లేపి, మట్టి దులిపి,
మా పిల్లోడి జారిన మేజోడు కూడా పైకి లాగి
అప్పుడు పోయేవాడు తన జాగాకి.

ఇలియాస్ కార్నర్ కొట్టడానికి మా ముందుకొచ్చి
బంతి పెట్టేచోట పడిన పొట్టు చూసి
వంగి, నోటితో ఊది,
'కొంచెం మిగల్చండన్నా' అని నవ్వినాడు.
నవ్వుతూనే కొట్టినాడు. గోలైంది.
నేను తిన్న చెనక్కాయల మీదుగా ఓడినాం ఆ రోజు.

ఇక ఫక్కీరప్ప.
సెమీఫైనల్లో మా కీపరు కాలిరిగి పడుంటే
ముందు ఖాళీ గోలు, కాలికింద బంతి,
చీమ నెట్టినా లోపలికి దొర్లేంత దూరం.
ఆగి, బంతిని పక్క గీత దాటించి
స్ట్రెచర్ కోసం చెయ్యూపినాడు.
వాళ్ళ కెప్టెను అమ్మనాబూతులు తిట్టినాడు.
మా మెట్లమీద ఒక్కడే చప్పట్లు కొట్టినాడు.
పక్కనున్న చెంగల్రాయ నన్ను ఎగాదిగా చూసి
'నీకు జీతమిచ్చేది ఏ ఫ్యాక్టరీరా?' అన్నాడు.

మరుసటేడు ఫైనల్లో, జడివానలో,
అదే ఫక్కీరప్ప ఎగిరినాడు.
బంతి దేనికి తగిలిందో, లోపల పడింది.
మిల్లంతా చెయ్యి అన్నది.
నేను భుజం అన్నాను.
అట్లాంటోడు చేత్తో కొడతాడా అన్నాను.
చెంగల్రాయ ఆరోజు నుంచి
నా టిఫిను డబ్బాలో వేలు పెట్టలేదు.
పదేళ్ళు పక్కపక్క మగ్గాలమీద మేము.

మిల్లు మూసినారు. బల్బులూ ఆరిపోయినాయి.
మొన్న బౌరింగ్ ఆస్పత్రిలో కళ్ళ డాక్టరు గది ముందు
పచ్చగుడ్డ కట్టిన కన్నొకటి, ఖాళీ కన్నొకటి.
నడక చూసి పోల్చుకున్నాను,
ఎడమ భుజం ఇప్పటికీ ముందే వస్తుంది.

సెమీఫైనలు సంగతి ఎత్తినాను.
గుర్తు లేదన్నాడు. నిజంగానే లేదు.
కీపరు పేరు చెప్పినా, వాన లేదని చెప్పినా
తల అడ్డంగా ఊపినాడు.
తర్వాత తనే, నేల చూస్తా, కుడి మణికట్టు రుద్దుకుంటా
'ఫైనల్‌ది... కై' అన్నాడు కన్నడంలో.
'కైయే అది. ఎవురికీ చెప్పలే.'

ఏమనాలి?
ముప్పై ఏళ్ళు వాదించినోణ్ణి.
టిఫిను డబ్బా, మగ్గాల చప్పుడు,
ఉప్పు లేని ఆ మధ్యాహ్నాలు అన్నీ
ఒక్కసారి కళ్ళముందు తిరిగినాయి.
'భుజమే' అన్నాను.
'గోలు వెనకాలే ఉన్నా నేను. నాకు తెలుసు.'

ఉన్న ఒక్క కన్నుతో చాలాసేపు చూసినాడు.
నర్సు నలభైయొకటి అని పిలిచింది, లేచి పోయినాడు.

చెంగల్రాయ ఇల్లు మర్ఫీటౌన్లో,
ఇక్కడికి రెండు బస్టాపులు.
పోవాలి ఒకసారి.
ఇంకా పోలేదు.